గుమాస్తా కబుర్లు: ముద్రా, ముద్ర వేసిన కాగితమా?



ఈ నెల కబుర్లు ఒక క్షమాపణతో మొదలుపెడుతున్నాను. 2023 కార్తీక మాసంలో మన సంఘం పుస్తకాలయంలో కంప్యూటరు రిజిస్టరు కొందరు సభ్యుల మీద అన్యాయంగా జరిమానా వేసిన సంగతి మీలో చాలామందికి తెలుసు. అప్పట్లో అడిగిన వారందరికీ "కంప్యూటరు పొరపాటండీ" అని చెప్పి తప్పించుకున్నాను. అది నిజం కాదు. కంప్యూటరు చెప్పిన పని చెప్పినట్టు చేసింది. పొరపాటు నాది. ఎలా జరిగిందో చెబితే నాకు మనశ్శాంతి, కొత్తగా ఈ విద్యలోకి దిగే మన పిల్లలకు కాస్త ఉపకారం.

నేను మెట్రిక్ వరకే చదివినవాణ్ణి. బరంపురంలో గుమాస్తా పని. వయస్సు నలభై ఆరు. మన పుస్తకాలయంలో సుమారు రెండు వేల పుస్తకాలున్నాయి గదా. ఎవరు ఏది తీసుకువెళ్లారో రాసే పాత రిజిస్టరు చెదలు పట్టింది. దాన్ని కంప్యూటరులోకి ఎక్కిద్దామని నాకు బుద్ధి పుట్టింది. ఇంజనీరింగు డిప్లొమా చదువుతున్న మా మేనల్లుడు, "మావయ్యా, జాంగో ఉంది, దానితో పదిహేను రోజుల్లో కట్టేయొచ్చు" అన్నాడు.

జాంగో అంటే ఏమిటో ముందు చెబుతాను. వెబ్‌సైటు కట్టేవారు ప్రతిసారీ పునాది నుంచి మొదలుపెట్టకుండా, అందరికీ కావలసిన చట్రం ముందే చేసి పెట్టారు. సభ్యుడు పేరు, రహస్య సంకేతం ఇచ్చి లోపలికి రావటం, సమాచారం దాచటం, దాచినది వెతకటం, పేజీ చూపించటం వగైరా పనులన్నీ అందులో తయారుగా ఉంటాయి. దీన్నే ఫ్రేమ్‌వర్క్ అంటారు. జాంగో అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని లారెన్స్ అనే ఊళ్లో ఒక వార్తాపత్రిక కార్యాలయంలో 2003లో పుట్టింది. 2005లో అందరికీ ఉచితంగా ఇచ్చారు. అయితే ఆ చట్రం దేనితో చేశారు? పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతో. గైడో వాన్ రోసమ్ అనే డచ్చి దేశస్థుడు ఆమ్‌స్టర్‌డామ్‌లో 1989 చివర మొదలుపెట్టి 1991లో లోకానికిచ్చిన భాష అది. అంటే చట్రం కంటే భాష పుష్కరం పైబడి పెద్దది. జాంగో చేసినవారు ముందు పైథాన్ నేర్చుకుని, ఆ తరువాత చట్రం చేశారు. నేను మాత్రం చట్రం ఎక్కి కూర్చుని, భాష తరువాత చూసుకుందాం అనుకున్నాను.

జాంగో వారి పాఠాల మొదట్లోనే ఒక సలహా ఉంది: పైథాన్ కొత్తయితే ముందు ఆ భాష ఎలాంటిదో చూసి రమ్మని. చదివాను. చదివి దాటేశాను. బరంపురం నుంచి కటకం వెళ్లే తొందరలో ఛత్రపూరు ఎవరు దిగుతారు చెప్పండి!

వీడియో పాఠాలు పెట్టుకుని, అందులో వారు రాసినది నేను కూడా రాశాను. వారు దుకాణంలో సరుకుల పట్టిక చేశారు. నేను సరుకు అన్న చోట పుస్తకం అని మార్చాను. వారు ఖాతాదారు అన్న చోట సభ్యుడు అన్నాను. పదిహేను రోజులు కాదు గాని నెలన్నరలో రిజిస్టరు తయారైంది. ఎవరు పుస్తకం తీసుకున్నా ఆనాటి తేదీ దానంతట అదే పడుతుంది. రెండు వారాలు గడువు. దాటితే రోజుకు ఒక రూపాయి జరిమానా అదే లెక్క కడుతుంది. కార్యవర్గం వారు చూసి ముచ్చటపడ్డారు. కార్యదర్శిగారు నాకు శాలువా కప్పుతామని కూడా అన్నారు. ఆ శాలువా ఇంతవరకు రాలేదు, రాకపోవటమే న్యాయం.

మొదట్లో రిజిస్టరు సంఘం గదిలోని కంప్యూటరులోనే నడిచేది. సాయంత్రం ఆరింటికి తెరిచి, ఎనిమిదింటికి ఆపేవాణ్ణి. తేదీలన్నీ సక్రమంగా పడేవి. తరువాత, సభ్యులు ఇంటి నుంచి కూడా పుస్తకాల జాబితా చూసుకోవాలని, నెలకింత అని అద్దె కట్టి ఒక సర్వరు మీదికి మార్చాము. నవంబరు 3 శుక్రవారం నాడు కొబ్బరికాయ కొట్టి ప్రారంభించాము. ఇక అది రాత్రింబవళ్లు ఆగకుండా నడుస్తుంది. అక్కడి నుంచి మొదలైంది తంటా.

మన పంతులమ్మగారు మీకందరికీ తెలుసు. పేరు రాయను. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి. ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దించారు. వారానికొక పుస్తకం తీసుకువెళ్లి, అట్ట వేసి మరీ తిరిగి తెచ్చే మనిషి. ఆవిడ నవంబరు 24న ఒక నవల తీసుకువెళ్లి డిసెంబరు 1న తెచ్చారు. సరిగ్గా వారం. కంప్యూటరు మాత్రం పధ్నాలుగు రూపాయల జరిమానా చూపించింది. ఆ వేళ బల్ల దగ్గర నేనే ఉన్నాను.

"నేను పోయిన శుక్రవారమే గదా బాబూ తీసుకువెళ్లాను?" అన్నారు.

"నవంబరు మూడున తీసుకున్నట్టు పడిందండీ. ఇరవై ఎనిమిది రోజులైంది" అన్నాను.

ఆవిడ ఒక నిమిషం నా మొహంలోకి చూశారు. సంచీలోంచి చిల్లర తీసి లెక్కపెట్టి బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. మరుసటి శుక్రవారం రాలేదు. ఆ తరువాతి శుక్రవారమూ రాలేదు.

నాకు అనుమానం తగిలి రిజిస్టరు తెరిచి చూద్దును గదా, నవంబరు 3 తరువాత పుస్తకం తీసుకున్న ప్రతి ఒక్కరికీ నవంబరు 3వ తేదీయే పడి ఉంది! కొందరు అప్పటికే నోరెత్తకుండా జరిమానా కట్టేశారు. "మనమే మరచిపోయి ఉంటాం" అనుకున్నారట. యంత్రం మాట మీద మనుషులకు ఎంత నమ్మకమో చూడండి.

మేనల్లుడికి ఫోను చేశాను. "ఒకసారి సర్వరు ఆపి మళ్లీ తెరిచి చూడు మావయ్యా" అన్నాడు. అలాగే చేశాను. తేదీ సరిపోయింది! హమ్మయ్య అనుకున్నాను. నాలుగు రోజులు పోయాక చూస్తే మళ్లీ అదే తంతు. ఈసారి సర్వరు తెరిచిన తేదీ దగ్గర ఆగిపోయింది. వీడియో పాఠాలు మళ్లీ చూశాను. ఎక్కడా ఈ మాట లేదు. వారు పాఠం చెబుతూ గంటకు పదిసార్లు ఆపి తెరుస్తారు గదా, వారికి ఈ కష్టం ఎలా కనిపిస్తుంది?

ఆ రాత్రి ఒక సంగతి నాకు స్పష్టమైంది. నేను రాసిన రెండు వందల పంక్తుల్లో ఏది పైథాన్ మాటో, ఏది జాంగో మాటో నాకే తెలియదు. రోగం ఎక్కడుందో తెలియని వైద్యుడు ఒళ్లంతా కట్టు కట్టినట్టు, ఎక్కడ వెతకాలో తెలియక అన్నీ కదిలిస్తున్నాను. కంప్యూటరు రిజిస్టరు ఆపేసి, కాగితం రిజిస్టరు మళ్లీ తెరిచాను. రోజూ రాత్రి భోజనం అయ్యాక ఒక గంట పైథాన్ చదవటం మొదలుపెట్టాను. ఆ భాష వారే రాసిన పాఠం ఉంది. ఉచితం. జాంగో వైపు కన్నెత్తి చూడకూడదని నియమం పెట్టుకున్నాను.

మూడో వారంలో నాలుగో అధ్యాయం దగ్గర దొంగ దొరికాడు.

ఆ అధ్యాయంలో ఫంక్షన్ల సంగతి వస్తుంది. ఫంక్షన్ అంటే ఒక పేరు పెట్టి దాచుకున్న పని. పేరు చివర బ్రాకెట్ల జత పెడితే, "ఈ పని ఇప్పుడే చేసి ఫలితం ఇయ్యి" అని అర్థం. బ్రాకెట్లు లేకుండా పేరు ఒక్కటే రాస్తే, "ఇదిగో, ఆ పని తెలిసినవాడు, నీకు కావలసినప్పుడు పిలుచుకో" అని ఆ ఫంక్షన్‌నే అప్పగించటం అన్నమాట. నేను పుస్తకం ఇచ్చిన తేదీ దగ్గర, డిఫాల్ట్ అన్న చోట, డేట్.టుడే() అని బ్రాకెట్లతో రాశాను. డేట్.టుడే అని ఊరుకోవలసింది.

మా ఆఫీసు భాషలో చెబుతాను. తపాలా బల్ల మీద రబ్బరు తేదీ ముద్ర ఉంటుంది. రోజూ పొద్దున్నే చక్రం తిప్పి ఆనాటి తేదీ పెట్టుకుంటాం. నేను సెలవు మీద వెళుతూ పక్క గుమాస్తా చేతికి ముద్రనే ఇస్తే, ఆయన ఏ రోజుకు ఆ రోజు తేదీ తిప్పుకుని వేసుకుంటాడు. అలా కాక, ఆనాటి ముద్ర వేసిన కాగితం ఒకటి చేతిలో పెట్టి, "వచ్చిన ఉత్తరాలన్నిటికీ ఈ తేదీయే రాయి" అని వెళితే? నెల తరువాత వచ్చిన ఉత్తరం మీద కూడా నా సెలవు నాటి తేదీయే పడుతుంది. బ్రాకెట్లు లేకపోతే ముద్ర ఇచ్చినట్టు. ఉంటే ముద్ర వేసిన కాగితం ఇచ్చినట్టు. సర్వరు తెరిచిన క్షణంలో పైథాన్ నా పంక్తి చదివి, ఆనాటి తేదీ తీసి జాంగో చేతిలో పెట్టింది. ఆపి తెరిచేవరకు జాంగో దగ్గర ఉన్నది ఆ కాగితమే. సంఘం గదిలో నేను రోజూ ఆపి తెరిచేవాణ్ణి కనుక రోజూ కొత్త కాగితం అందేది. అందుకే మొదట్లో గుట్టు బయటపడలేదు.

ఇంకా సిగ్గుపడవలసిన సంగతి ఒకటుంది. ఇలాంటి చోట ఖాయమైన తేదీ రాస్తే జాంగో హెచ్చరిక చూపిస్తుంది: "ఇది నీ ఉద్దేశం కాకపోవచ్చు" అని. నాకూ చూపించింది. అర్థం కాలేదు, పని ఆగలేదు, కనుక నేనూ ఆగలేదు. భాష రానివాడికి హెచ్చరిక కూడా గోడ మీది రాతే.

ఇది నాకు కొత్త అనుభవమేమీ కాదు, కొత్తదనుకోవటమే నా తెలివితక్కువతనం. మేము ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా మాట్లాడి పెరిగినవాళ్లం. 1936 దాకా ఈ గంజాం ప్రాంతం మద్రాసు రాజధానిలో ఉండేది గదా. రెండు భాషలూ ఇక్కడ ఒకే అరుగు మీద కూర్చుంటాయి. కాని వీధి ఒడియా వేరు, ఆఫీసు ఒడియా వేరు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పాత ఫైళ్లలోని ఉత్తరాలు చూసి, పేరు, తేదీ మార్చి నకలు రాసేవాణ్ణి. పని జరిగిపోయేది. ఒకసారి పై ఆఫీసుకు పంపవలసిన ఉత్తరానికి, కింది ఆఫీసుకు రాసిన నమూనా తీసుకున్నాను. "ఇందుమూలముగా మీకు ఆదేశించడమైనది" అని పై అధికారికే ఆజ్ఞ జారీ చేశాను! మా హెడ్డు గుమాస్తాగారు చూసి ఆపకపోతే నా ఉద్యోగం ఏమయ్యేదో. ఆయన కోప్పడలేదు. "నమూనా చూసి రాయి, తప్పు లేదు. కాని ఏ మాట ఎందుకుందో తెలిసి రాయి" అన్నారు. ఆ తరువాత ఆరు నెలలు ఆయన దగ్గర ఆఫీసు ఒడియా నేర్చుకున్నాను. ఇరవై ఏళ్లు పోయాక, ఇంకో భాష దగ్గర అదే తప్పు మళ్లీ చేశాను.

దొంగ దొరికిన మర్నాడు జాబితా తీశాను. పదకొండుమంది దగ్గర ఎనభై మూడు రూపాయలు ఎక్కువ వసూలైంది. అందరికీ ఇచ్చి రసీదు తీసుకున్నాను. ఆఖరున పంతులమ్మగారింటికి వెళ్లాను.

పధ్నాలుగు రూపాయలు ఆవిడ ముందు పెట్టి, జరిగింది చెప్పాను. ఆవిడ డబ్బు వంక చూడలేదు. "అయితే నేను తీసుకున్నది ఇరవై నాలుగునేనా?" అని అడిగారు. అవునన్నాను. "నిజంగానా బాబూ?" అని మళ్లీ అడిగారు. నిజమేనన్నాను.

"మా అక్కయ్యకు ఆఖరి రోజుల్లో మతి తప్పింది. తారీకులతోనే మొదలైంది. నాకూ మొదలైందనుకున్నాను. ఈ నెల రోజులూ ఎవరికీ చెప్పలేదు. పొయ్యి ఆర్పానో లేదో అని రాత్రి నాలుగుసార్లు లేచి చూస్తున్నాను" అన్నారు ఆవిడ.

నాకు నోట మాట రాలేదు. రెండు బ్రాకెట్లు! వాటి వల్ల ఒక పెద్దావిడ నెల రోజులు నిద్ర లేకుండా గడిపింది. ఆవిడే లోపలికి వెళ్లి కాఫీ తెచ్చారు. "నేర్చుకున్నావుగా, ఇక పద. శుక్రవారం వస్తాను" అన్నారు. వచ్చారు కూడా.

ఇక మన పిల్లలకు నాలుగు మాటలు. నేను పండితుణ్ణి కాను, దెబ్బ తిన్నవాణ్ణి.

జాంగో మొదలుపెట్టే ముందు పైథాన్ అంతా రావాలా? అక్కరలేదు. రోజుకు గంట చొప్పున ఒకటిన్నర, రెండు నెలలు చాలు. ఆ భాష వారి పాఠంలో మూడు నుంచి తొమ్మిది వరకు ఉన్న అధ్యాయాలు చేతితో రాస్తూ చదవండి. నాలుగులో ఫంక్షన్లు, అయిదులో లిస్టులు, డిక్షనరీలు, ఆరులో మాడ్యూళ్లు, ఎనిమిదిలో తప్పుల సంగతి, తొమ్మిదిలో క్లాసులు ఉన్నాయి. పన్నెండోది చిన్నదే, ఒక్కొక్క పనికి కావలసిన సామాను వేరువేరుగా ఎలా ఉంచుకోవాలో చెబుతుంది. తప్పు వచ్చినప్పుడు తెర మీద పడే పొడుగాటి జాబితాను చూసి భయపడకండి. కిందనుంచి పైకి చదవండి. ఏమి తప్పో ఆఖరి పంక్తిలో ఉంటుంది. ఎక్కడో దాని పైన ఉంటుంది.

అది అయ్యాక, ఫ్రేమ్‌వర్క్ లేకుండా, ఒక్క ఫైలులో చిన్న పని చేసి చూడండి. నేను జరిమానా లెక్క చేశాను. పైథాన్‌లో ఒక తేదీలోంచి ఇంకో తేదీ తీసేస్తే మధ్యనున్న రోజులు వస్తాయి. అందులోంచి పధ్నాలుగు తీసి, సున్నా కంటే ఎక్కువైతే జరిమానా. అయిదారు పంక్తుల పని. నెలన్నర కష్టపడి కట్టిన రిజిస్టరు కంటే ఆ అయిదు పంక్తులే నాకు ఎక్కువ నేర్పాయి.

అప్పుడు జాంగో తెరవండి. ప్రతి పంక్తి దగ్గరా ఆగి "ఇది భాషదా, చట్రానిదా?" అని ప్రశ్నించుకోండి. పుస్తకం అనే క్లాసు రాసి, పక్కన బ్రాకెట్లలో జాంగో మోడల్ పేరు పెడతాము. క్లాసు, బ్రాకెట్లలో తండ్రి క్లాసు పేరు పెట్టటం పైథాన్ పద్ధతి. ఆ తండ్రి ఎవరన్నది జాంగో సొత్తు. ఫంక్షన్ నెత్తిన ఎట్ గుర్తు పెట్టి లాగిన్ రిక్వయర్డ్ అని రాస్తాము. ఎట్ గుర్తు పైథాన్‌ది. ఆ పేరు జాంగోది. ఈ తేడా తెలిస్తే, చిక్కు వచ్చినప్పుడు ఏ పుస్తకం తెరవాలో తెలుస్తుంది. నా చిక్కు పైథాన్‌ది. నేను వెతికింది జాంగోలో. ఇక దొరికేదెలాగ?

ఇది ఒక్క జాంగోకే కాదు. రూబీ అనే భాష జపాను దేశస్థుడు యుకిహిరో మాత్సుమోతో 1995లో ఇచ్చాడు. దాని మీద రెయిల్స్ అనే చట్రం 2004లో వచ్చింది. రెయిల్స్‌లో 3.డేస్.ఎగో అని రాస్తే మూడు రోజుల కిందటి వేళ వస్తుంది. రూబీ ఒక్కదానితో అదే రాస్తే తప్పు అంటుంది. అది రెయిల్స్ కలిపిన సదుపాయం. ముందు రెయిల్స్ చదివినవాడు ఇది రూబీ అనుకుంటాడు.

మా మేనల్లుడు ఇప్పటికీ ఒప్పుకోడు. "నీళ్లలో దిగకుండా ఈత రాదు మావయ్యా. ముందు ఏదో ఒకటి కట్టి చూసుకుంటేనే ఉత్సాహం" అంటాడు. అందులో నిజం లేకపోలేదు. నేనే ఆ ఉత్సాహంతో గదా ఇక్కడిదాకా వచ్చాను! పదహారు అధ్యాయాలూ కంఠస్థం చేసేదాకా ఏమీ కట్టను అని భీష్మించినవాడు ఎన్నటికీ కట్టడు. కాబట్టి సరదాకు కట్టుకునేది ఎప్పుడైనా కట్టుకోండి. కాని పది మంది పేర్లు, తేదీలు, డబ్బు అందులోకి ఎక్కించే ముందు మాత్రం భాష నేర్చుకోండి. మన చెరువులో మనం మునిగితే మన ఖర్మ. పడవలో ఇంకొకరిని ఎక్కించుకుంటే సంగతి వేరు.

లాభం కూడా చెప్పాలి గదా. జాంగో సుమారు ఎనిమిది నెలలకొకసారి కొత్త రూపు తెస్తుంది. భాష అంత తొందరగా మారదు. రేపు జాంగో వద్దని ఫ్లాస్క్ అనో ఇంకోటి అనో వెళ్లినా, పైథాన్ మీ వెంటే వస్తుంది. సి.బి.ఎస్.ఇ. బడుల్లో పదకొండు, పన్నెండు తరగతుల కంప్యూటర్ సైన్స్‌లో పైథాన్ ఉంది కనుక, మన పిల్లల్లో కొందరికి సగం దారి ఇప్పటికే అయిపోయింది. మిగిలిన సగం నడవనివ్వండి, తొందరపెట్టకండి.

మన రిజిస్టరు మళ్లీ కంప్యూటరులో నడుస్తున్నది. బల్ల పక్కన కాగితం రిజిస్టరు కూడా ఉంచాను. రెండింటిలో తేదీలు నెలాఖరున సరిచూస్తున్నాను. ఎవరికైనా జరిమానా పడి, "నేను ఆలస్యం చేయలేదే" అనిపిస్తే, దయచేసి మొదట నన్ను అనుమానించండి. మిమ్మల్ని మీరు అనుమానించుకోకండి.

వచ్చే నెల మళ్లీ కలుసుకుందాం. సెలవు.